పసిబట్టల మీద ఉడుత, దూడ, గున్న ఏనుగు: మెషిన్ ఎంబ్రాయిడరీలో నా అనుభవం

పసిపిల్లల బట్టల మీద ఎంబ్రాయిడరీ కావాలని వచ్చేవారు మొట్టమొదట అడిగేది బిడ్డ పేరు. అయితే మన ఇళ్ళలో ఆ పేరు బారసాల నాడు పళ్ళెంలో బియ్యం పరచి రాసేదాకా ఖాయం కాదు. జన్మనక్షత్రం చూసి అక్షరం చెప్పించుకునే ఇళ్ళలోనైతే అంతకుముందు అనుకున్న పేరు కూడా మారిపోతుంది. పుట్టబోయేది ఆడపిల్లో మగపిల్లవాడో స్కానింగులో చెప్పడాన్ని 1994 నాటి చట్టం నిషేధించింది కాబట్టి గులాబీ రంగా, నీలమా అనే ప్రశ్నకు కూడా ప్రసవమయ్యేవరకు జవాబు ఉండదు. ప్రసవమయ్యాక బారసాలకు మిగిలే వ్యవధి పదకొండు రోజులో, ఇరవై ఒక్క రోజులో. అంత తక్కువ సమయంలో బొమ్మ గీసి, పంచింగ్ చేసి (అంటే దాన్ని మెషిన్ కుట్లుగా మార్చి), నమూనా కుట్టి, ఆరు వస్తువుల మీద ఎక్కించడం ఒకే సూది ఉన్న మెషిన్‌కు సాధ్యపడే పని కాదు. పేరుతోనూ, ఆడామగా తేడాతోనూ నిమిత్తం లేకుండా ముందే సిద్ధం చేసుకోగలిగినవి జంతువుల బొమ్మలే.

నేను రాజమహేంద్రవరంలో ఇంటి దగ్గరే ఉండి జాకెట్లకు కంప్యూటర్ వర్క్, అంటే మెషిన్ ఎంబ్రాయిడరీ, చేస్తాను. మా వీధిలోని ఒక పెద్దావిడ, నేను పిన్నిగారూ అని పిలిచే ఆమె, తన కూతురి తొలికాన్పుకు ఒక సెట్టు కావాలన్నారు: బనీను గుడ్డతో కుట్టిన జబ్లాలు రెండు, తలమీదికి కప్పే టోపీ ఉన్న టర్కీ తువ్వాలు, మల్లు గుడ్డ దుప్పటి, ఉయ్యాలకు వేసే గుడ్డ, తన పాత నేత చీరతో ఒక బొంత. బిడ్డ పుట్టకముందే కొత్త బట్టలు ఇంటికి తేకూడదన్న పట్టింపు వారికి ఉంది. అందువల్ల వస్తువులు మా ఇంట్లోనే ఉండేలా, బిడ్డ పుట్టిన కబురు అందాకే వాటిమీద సూది దించేలా ఒప్పందం చేసుకున్నాం. ఈలోగా బొమ్మలూ, ఫైళ్ళూ తయారు చేసి, అవే రకం గుడ్డల ముక్కల మీద పరీక్షించుకోవడం నా వంతు.

జాకెట్ పనికి అలవాటుపడిన చేతికి పసిబట్టల పని తలకిందుల వ్యవహారంగా కనిపిస్తుంది. జాకెట్‌లో పట్టుగుడ్డ కింద లైనింగు ఉంటుంది, దాని కింద గుడ్డను కదలకుండా నిలబెట్టే గట్టి పేపరు ఉంటుంది, పైన జరీ ఎంత దట్టంగా పడితే పనికి అంత నిండుదనం వచ్చిందంటారు. వెనకవైపు గరుకుగా ఉన్నా లైనింగు దాన్ని కప్పేస్తుంది. పసిబిడ్డ జబ్లాకు లైనింగు ఉండదు, గుడ్డ సాగుతుంది, వెనకవైపు ఉండే ప్రతి ముడీ, ప్రతి పేపరు అంచూ నేరుగా బిడ్డ రొమ్మునో వీపునో తాకుతుంది. దారం పెరిగినకొద్దీ బొమ్మ అట్టముక్కలా బిగుసుకుని, గుడ్డ దాని చుట్టూ ముడతలు పడుతుంది. కాబట్టి ఇక్కడ నైపుణ్యమంతా దారాన్ని ఎక్కడ వేయాలన్నదాని కంటే ఎక్కడ వేయకుండా వదిలేయాలన్నదానిలో ఉంది. ఈ సెట్టులోని ప్రతి నిర్ణయమూ ఆ లెక్కతోనే సాగింది.

జంతువుల ఎంపికలో పిన్నిగారిదే పెద్ద చేయి. అంతర్జాలంలో కొనుక్కోవడానికి దొరికే తయారు డిజైన్లలో మంచు ఎలుగుబంటి, నక్క, పెంగ్విన్, కొమ్ముల దుప్పి ఎక్కువగా కనిపిస్తాయి. అవన్నీ ఫోనులో చూపిస్తే ఆమె, “మన పెరట్లో జామచెట్టు నిండా ఉడుతలు పెట్టుకుని, పసివాడికి మంచులో తిరిగే ఎలుగుబంటి ఎందుకమ్మా?” అన్నారు. ఉడుత అలా ఖాయమైంది. రెండోది పుంగనూరు దూడ. చిత్తూరు ప్రాంతపు ఈ జాతి ఆవులు సుమారు మూడడుగుల ఎత్తే ఉంటాయి. పెద్ద ఆవే దూడలా కనిపించే జాతిలో దూడ ఇంకెంత ముద్దుగా ఉంటుందో చెప్పనక్కరలేదు. మూడోది బొంత మీదికి గున్న ఏనుగు. టీవీ కార్టూన్లలోని పేరున్న ఎలుకనో పిల్లినో వేయమని కూతురు అడిగింది కానీ, వాటి మీద హక్కులు వాటి కంపెనీలకు ఉంటాయనీ, డబ్బు తీసుకుని కుట్టి ఇవ్వడానికి మనకు అనుమతి ఉండదనీ చెబితే పట్టుబట్టలేదు.

బొమ్మను ముందు కాగితం మీద పెన్సిలుతోనే గీస్తాను. కంప్యూటర్ మీద నేరుగా గీసిన గీతల్లో నునుపు ఉంటుంది గానీ, ప్రాణం తక్కువ అని నా అభిప్రాయం. పుంగనూరు దూడను ఫోటో చూసి ఉన్నదున్నట్టు గీస్తే అది చిన్న సైజు ఆవులాగే వచ్చింది, పసితనం కనబడలేదు. పసిరూపం మనకు ఎందుకు ముద్దొస్తుందో జంతు ప్రవర్తనా శాస్త్రవేత్త కొన్రాడ్ లొరెంజ్ 1943లో వివరించాడు: శరీరానికి మించిన పెద్ద తల, ఎత్తైన నుదురు, ముఖం సగానికి దిగువన పెద్ద కళ్ళు, ఉబ్బిన బుగ్గలు, పొట్టి కాళ్ళు. ఆ లక్షణాలను ఒక్కొక్కటిగా బొమ్మలోకి తెచ్చాను. కొమ్ములు తీసేసి నుదుటి మీద చిన్న ఉబ్బులు మాత్రం ఉంచాను. కళ్ళను తల సగం గీతకు దిగువకు దించి, ఒకదానికొకటి కాస్త దూరం జరిపాను. నుదురు ఖాళీగా మిగిలింది. ఆ ఖాళీలో బొట్టు పెట్టాలన్న కోరిక పుడుతుంది కానీ, పెడితే చూపు కళ్ళ మీద నిలవదు. మూపురాన్ని మాత్రం పూర్తిగా తీసేయలేదు. అది లేకపోతే పరదేశపు దూడ అవుతుంది.

కాగితం మీది బొమ్మను కుట్లుగా మార్చే పనిని మా వృత్తిలో పంచింగ్ అంటాం. దీనికి ఖరీదైన సాఫ్ట్‌వేర్లు చాలా ఉన్నాయి. నేను వాడేది ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్, దానికి అనుబంధంగా వచ్చే ఇంక్‌స్టిచ్. స్కాన్ చేసిన బొమ్మ మీద గీతలు పరచి, ఏ భాగం సాటిన్ కుట్టు (అంచు నుంచి అంచుకు దగ్గరదగ్గరగా పడేది), ఏ భాగం నింపుడు కుట్టు (వరుసలతో చోటంతా కప్పేది), ఏది వట్టి పరుగు కుట్టు (ఒంటి గీతలా సాగేది) అన్నది నిర్ణయించి, ప్రతి భాగానికీ కుట్టు దిశ, వరుసల మధ్య దూరం, పైకుట్టుకు ఆధారంగా ముందే పడే అడుగు కుట్టు ఇస్తాను. చివర్న మెషిన్‌కు అర్థమయ్యే ఫైలుగా మార్చాలి: బ్రదర్ మెషిన్‌కు పి.ఇ.ఎస్., జానోమికి జె.ఇ.ఎఫ్., బజారులోని పెద్ద మెషిన్లకు తజిమా వారి డి.ఎస్.టి. ఈ డి.ఎస్.టి. ఫైలులో కుట్ల వివరమే తప్ప ఏ భాగానికి ఏ రంగో ఉండదు కాబట్టి, వేరే చోటికి పంపేటప్పుడు రంగుల వరుసను కాగితం మీద రాసి జతచేయడం తప్పనిసరి. లేకపోతే ఉడుతకు ఆకుపచ్చ తోక వచ్చినా అడగడానికి మనకు నోరు ఉండదు.

దూడను పంచింగ్ చేస్తున్నప్పుడు ఒళ్ళంతా దారంతో నింపనే లేదు. జబ్లా గుడ్డ మీగడ తెలుపు. దూడదీ అదే రంగు. ఆ గుడ్డనే దూడ ఒళ్ళుగా ఉంచి, లేత గోధుమరంగుతో చుట్టుగీత మాత్రం కుట్టించాను. చుట్టుగీతకు సన్నని సాటిన్ వేస్తే వంపుల దగ్గర దారం గుట్టపడుతుంది. ఒకటే పరుగు కుట్టు వేస్తే బనీను గుడ్డ సాగినప్పుడు పల్చగా కనబడుతుంది. అందువల్ల ఒక్కో కుట్టును ముందుకూ వెనక్కూ మళ్ళీ ముందుకూ మూడుసార్లు వేసే బీన్ కుట్టు ఎంచుకున్నాను. చేత్తో కుట్టిన కాడ కుట్టుకు దగ్గరగా, కాస్త ఉబ్బుగా అది కనిపిస్తుంది. నింపుడు కుట్టు పడింది ముట్టెకూ, చెవుల లోపలి భాగానికీ, గిట్టలకూ మాత్రమే. సాధారణంగా ఎంబ్రాయిడరీకి వాడే 40 నంబరు మందపు దారానికి వరుసల మధ్య 0.4 మిల్లీమీటర్ల దూరం ఇస్తారు. గుడ్డ అస్సలు కనబడకుండా నిండాలంటే అదే లెక్క. ముట్టెకు దాన్ని 0.6కు వదులు చేశాను, దుప్పటి మీది దూడకైతే 0.9 వరకూ పోయాను. మల్లు గుడ్డ మీద ఆ పలచని వరుసల మధ్య నుంచి గుడ్డ తెలుపు తొంగిచూస్తూ, ముట్టె తడిగా ఉన్నట్టు భ్రమ కలిగింది. దూడ కాళ్ళ కింద రెండు అంగుళాల చోటు కావాలనే వదిలాను, బారసాల అయ్యాక పేరు కుట్టమంటే పనికివస్తుందని.

ఉడుత అలా లొంగలేదు. దాని ఒంటికి రంగు కావాలి, తోకకు కుచ్చుదనం కావాలి, అన్నిటికంటే మించి వీపు మీద మూడు చారలు కావాలి. మన పెరటి ఉడుతకు నడిమి చార తల నుంచి తోక దాకా సాగుతుంది. పక్క చారలు రెండూ ముందుకాలి దగ్గర మొదలై వెనకకాలి దగ్గరే ఆగిపోతాయి. మామూలుగా ఎవరైనా ముందు ఒళ్ళంతా గోధుమరంగు నింపి, దాని మీద తెల్లదారంతో చారలు వేస్తారు. అలా చేస్తే చారలు పడినచోట అడుగు కుట్టు, నింపుడు కుట్టు, సాటిన్ కుట్టు మూడు పొరలుగా పేరుకుని, వేలితో తడిమితే పుల్ల పెట్టినట్టు గట్టిగా తగులుతుంది. నేను తెల్లదారం వాడలేదు. వీపును నాలుగు పట్టీలుగా విడగొట్టి, వాటి మధ్య మూడు సందులు వదిలాను. ఆ సందుల్లోంచి కనబడే గుడ్డే శ్రీరాముడి వేళ్ళ గుర్తులు.

చెప్పడానికి తేలికగా ఉన్నా, ఈ సందులే ఎక్కువ పరీక్షలు పెట్టాయి. కుట్టు బిగిసినకొద్దీ గుడ్డ కుట్టు దిశలో లోపలికి లాగబడుతుంది, దానికి అడ్డదిశలో బయటికి నెట్టబడుతుంది. రెండు మిల్లీమీటర్ల సందు గీస్తే మల్లు గుడ్డ మీద అది సన్నగిల్లినా చారలాగే మిగిలింది, బనీను గుడ్డ మీద మాత్రం వెంట్రుకంత అయిపోయింది, టర్కీ తువ్వాలు మీద పూర్తిగా మూసుకుపోయింది. కాబట్టి ఒకే ఉడుతకు గుడ్డకొక ఫైలు చేయవలసి వచ్చింది. కుట్టు దిశను చారలకు అడ్డంగా కాక వాటి వెంటే నడిపించాక సందుల అంచులు నిటారుగా నిలిచాయి. పైగా బొచ్చు ఏ దిశలో ఉంటుందో కుట్టు కూడా అదే దిశలో సాగడంతో వీపు నిగనిగలాడింది. తువ్వాలుకు మాత్రం చారల ఆలోచన మానుకుని, ఉడుత ముఖమూ తోకా కనబడేలా ఎదురుగా తిప్పి గీశాను. తోకకు నింపుడు కుట్టు లేదు. మొదలు దగ్గర కలిసి, చివర్న విడిపోయే పరుగు కుట్లను రెండు ఛాయల్లో, ముందు ముదురు గోధుమ, దాని మీద బూడిద రంగు, ఎడంగా వేయించాను. కుట్టు పొడవు ఒకేలా ఉంటే తోక దువ్వెన పళ్ళలా కనబడుతుంది కాబట్టి పొడవులను కావాలనే హెచ్చుతగ్గులు చేశాను.

కుట్టే వరుస కూడా ఫైలులోనే నిర్ణయం కావాలి. మధ్య నుంచి అంచులకు పోతే గుడ్డలోని వదులు బయటికి జరిగిపోతుంది. అంచుల నుంచి మధ్యకు వస్తే ఆ వదులంతా పొట్ట దగ్గర బుడగలా నిలబడుతుంది. ఒకే సూది ఉన్న మెషిన్‌లో రంగు మారిన ప్రతిసారీ మనమే దారం తీసి కొత్తది ఎక్కించాలి కాబట్టి, ఒక రంగు పని అంతా ఒకేచోట చేర్చాలనిపిస్తుంది. ఆ పొదుపు కోసం బొమ్మలో ఆ మూల నుంచి ఈ మూలకు దూకే దారాలు పెరగకుండా చూసుకోవాలి. కళ్ళు ఎప్పుడూ ఆఖరుకే. మూడు, నాలుగు మిల్లీమీటర్ల నల్లని సాటిన్ గుండ్రం, దాని పైభాగాన వెలుగు చుక్కగా రెండు మూడు తెల్లని కుట్లు. ఆ చుక్క రెండు కళ్ళలోనూ ఒకే పక్కన పడాలి, లేకపోతే దూడకు మెల్లకన్ను వచ్చినట్టుంటుంది. బటన్లు, పూసలు, ప్లాస్టిక్ కళ్ళు ఊడి నోట్లోకి పోతాయి గనుక పసిబట్టలకు వాటి ఊసే వద్దు.

దారం విషయంలో విస్కోస్‌కు (రేయాన్‌కు) ఉన్న మెరుపు పాలిస్టర్‌కు లేదన్న మాట నిజమే. కానీ విస్కోస్ తడిస్తే బలం తగ్గుతుంది. పసిబట్టలకు రోజూ ఉతుకుడే, కొందరు వేడినీళ్ళలో మరగబెడతారు కూడా. కాబట్టి పాలిస్టర్ దారమే వాడాను. రంగుల్లో హానికరమైన కొన్ని అజో రంగులను మన ప్రభుత్వం 1997లోనే నిషేధించింది. బట్టల్లో హానికర రసాయనాలు లేవని పరీక్షించి ఇచ్చే ఓకో-టెక్స్ ధ్రువీకరణలో మూడేళ్ళలోపు పిల్లల వస్తువులను మొదటి తరగతిగా వర్గీకరించి అన్నిటికంటే కఠినమైన పరిమితులు పెడతారు. బజారులో రీలు మీద ఆ ముద్ర చూసి కొంటాను, అయినా ఇంటికి తెచ్చాక వేడినీళ్ళలో తడిపిన తెల్లగుడ్డను ముదురు రంగు దారం మీద నలిపి రంగు అంటుతోందేమో చూడకుండా వాడను. పిన్నిగారికి దూడ మెడలో గంటలు జరీతో ఉంటే బాగుంటుందని గట్టి కోరిక. “శుభకార్యానికి కట్టే గుడ్డ, కాస్త జరీ తగిలించకూడదూ?” అన్నారు. “వద్దండీ పిన్నిగారూ, జరీపోగు తెగితే బిడ్డ చెంపకు గీసుకుంటుంది,” అని జరీతో కుట్టిన నమూనా ముక్కను ఆమె మణికట్టు లోపలివైపు రుద్దించాను. ఇంకేమీ అనలేదు. గంటలకు పసుపు పాలిస్టర్ దారమే పడింది.

బిడ్డ పుట్టిన కబురు వచ్చిన రోజు సాయంత్రమే గుడ్డలన్నీ ఇంకోసారి చూసుకున్నాను. వాటిని అంతకుముందే ఉతికి ఆరేసి ఉంచాను, ఎందుకంటే నూలుగుడ్డ మొదటి ఉతుకులో ముడుచుకుంటుంది, పాలిస్టర్ దారం ముడుచుకోదు. ఉతకని గుడ్డ మీద కుడితే తర్వాత బొమ్మ చుట్టూ గుడ్డ కుంచించుకుపోతుంది. సూది 75/11, అంటే 0.75 మిల్లీమీటర్ల మందం, మొన గుండ్రంగా ఉన్నది. పదునైన మొన బనీను గుడ్డ అల్లికలోని పోగును తెంచుతుంది. ఆ రంధ్రం అప్పటికి కనబడకపోయినా ఉతికాక పెద్దదవుతుంది. గుండ్రటి మొన పోగులను పక్కకు నెట్టి దారి చేసుకుంటుంది.

అప్పుడే పుట్టిన బిడ్డ జబ్లా, గుడ్డను బిగించే నాలుగంగుళాల ఫ్రేములో సరిగా కూర్చోదు. బలవంతంగా బిగిస్తే సాగిన గుడ్డ మీదే కుట్టు పడి, ఫ్రేము విప్పగానే దూడ ముఖం నలిగిపోతుంది. అందువల్ల ఫ్రేములో మెత్తని మెష్ పేపరును మాత్రమే డప్పులా బిగించి, జబ్లా పక్క కుట్టు విప్పదీసి, గుడ్డను సాగదీయకుండా పేపరు మీద పరిచాను. అంటించే స్ప్రే వాడే అలవాటు నాకు లేదు. బొమ్మ చుట్టూ పెద్ద కుట్లతో ఒక చదరం ముందుగా వేయించి గుడ్డను నిలబెడతాను, పని అయ్యాక ఆ కుట్లు లాగేస్తాను. చేతులూ వెనకభాగమూ మడతపెట్టి, సూది కిందికి రాకుండా బట్టల క్లిప్పులతో ఫ్రేము అంచుకు పట్టించాను. మెషిన్ వేగం నిమిషానికి నాలుగు వందల కుట్ల దగ్గరే ఉంచాను. బనీను గుడ్డ మీద అంతకంటే తొందర పనికిరాదు. పైగా దగ్గర కూర్చుని చూస్తుండాలి, ఫోను పట్టుకుని పక్కగదిలోకి పోయే పని కాదు.

టర్కీ తువ్వాలుకు ఉన్న పోగుల ఉంగరాలు కుట్టు మధ్య నుంచి పైకి లేస్తాయి. వాటిని అణచడానికి నీటిలో కరిగే పల్చని ఫిలిం తువ్వాలు మీద పరిచి దాని మీద కుట్టాలి. పని అయ్యాక మిగిలిన ఫిలింను చింపి, అంచుల్లో ఉన్నదాన్ని గోరువెచ్చని నీళ్ళలో కరిగించాలి. ఉడుత ముఖానికి ముందు తువ్వాలు రంగు దారంతోనే వదులుగా ఒక పలచని పొర కుట్టించాను. అది ఉంగరాలను పడుకోబెడుతుంది, దాని మీద ముఖం చదునుగా కూర్చుంటుంది.

బొంత మీది గున్న ఏనుగుకు మరో దారి పట్టాను. అరచేతి కంటే పెద్ద ఏనుగును దారంతో నింపితే పాత చీర మెత్తదనమంతా పోయి అక్కడొక పలక తయారవుతుంది. దానికి బదులు బూడిదరంగు ఫ్లానెల్ ముక్కను అతికాను. మెషిన్ మొదట ఏనుగు ఆకారపు గీత కుడుతుంది; ఆ గీత పూర్తిగా కప్పేలా ఫ్లానెల్ పరుస్తాం; మెషిన్ దాని మీద మళ్ళీ అదే ఆకారంలో కుట్టి నిలబెడుతుంది; ఫ్రేము విప్పకుండానే కుట్టుకు ఒక మిల్లీమీటరు బయటగా చుట్టూ కత్తిరిస్తాం; చివర్న అంచు మీద సాటిన్ కుట్టు నడుస్తుంది. ఈ కత్తిరింపే అసలు పని. తొండం వంపు లోపలివైపు మామూలు కత్తెర దూరదు, మొన వంగిన చిన్న కత్తెర ఉండాలి, చేతిని కదపకుండా ఫ్రేమునే తిప్పుకుంటూ పోవాలి. సాటిన్ వెడల్పు మూడు మిల్లీమీటర్లకు మించనివ్వలేదు, పెద్ద కుట్లకు బిడ్డ గోళ్ళు తగులుకుంటాయి. చెవిని రెండు పొరల ఫ్లానెల్‌తో విడిగా కుట్టి, మొదలు మాత్రమే బొంతకు గట్టిగా అతికించి, కదిలేలా వదిలాను. ఇదంతా చీర పైపొర మీదే చేసి, ఆ తర్వాతే పొరలు కలిపి బొంత కుట్టాను. అలా కాకుండా మందపాటి బొంతను ఫ్రేముకు బిగించాలని చూస్తే ఫ్రేమూ నిలవదు, మెషిన్ చేయీ నిలవదు.

కుట్టడం అయిపోతే పని అయిపోయినట్టు కాదు. పసిబట్టల్లో నేను ఎక్కువసేపు కూర్చునేది వెనకవైపు దగ్గరే. సాటిన్ కుట్టును తిరగేసి చూస్తే మధ్య మూడో వంతులో తెల్లని బాబిన్ దారం (మెషిన్ కింది నుంచి వచ్చేది), దానికి అటూ ఇటూ పైదారం రంగు కనబడితే టెన్షన్, అంటే దారాల బిగువు, సరిగ్గా ఉన్నట్టు. బాబిన్ దారమే అంతా కనబడితే పైదారం మరీ బిగుసుకుందన్నమాట, అలాంటి కుట్టు పీకుడుకు ఆగదు. ఆ పరీక్ష ముగిశాక ఒకచోటి నుంచి ఇంకోచోటికి దూకిన దారాలను ఒక్కటీ మిగలకుండా కత్తిరిస్తాను. ఇది అందం కోసం కాదు. వదులు దారమో వెంట్రుకో బిడ్డ వేలికి చుట్టుకుంటే రక్తం ఆడక వేలు వాచిపోయే ప్రమాదాన్ని పిల్లల వైద్యులు ఎరుగుదురు. బిడ్డ ఎందుకు ఏడుస్తోందో ఎవరికీ తెలియదు, ఎందుకంటే వేలు బట్ట లోపల ఉంటుంది. అందుకే చేతి తొడుగుల మీదా, సాక్సుల మీదా ఎంత చిన్న బొమ్మనైనా నేను కుట్టను, ఎవరడిగినా అదే మాట చెబుతాను. మెష్ పేపరును బొమ్మ చుట్టూ అర సెంటీమీటరు వదిలి గుండ్రంగా, మూలలు లేకుండా కత్తిరించి, వెనకంతా కప్పేలా ఇస్త్రీతో అంటుకునే మెత్తని గుడ్డను వేశాను. కళ్ళు మూసుకుని లోపలివైపు వేలు పోనిచ్చినప్పుడు బొమ్మ ఎక్కడ మొదలైందో తెలియకూడదు. నా కొలబద్ద అదే.

ధర దగ్గర మాత్రం ఈ పని నన్ను ఇప్పటికీ ఇరకాటంలో పెడుతుంది. మా వృత్తిలో లెక్క వెయ్యి కుట్లకు ఇంత అని. నిండుగా కుట్టిన దూడ కంటే గుడ్డను వదిలి గీతతో తేల్చిన దూడకు కుట్లు నాలుగో వంతు కూడా ఉండవు, పంచింగ్ శ్రమ మాత్రం రెట్టింపు. కుట్ల లెక్కన బిల్లు వేస్తే దారం ఎక్కువ పోసినవారికే లాభం, బిడ్డ ఒంటికి మెత్తగా చేసినవారికి నష్టం. ఈ పద్ధతి జాకెట్లకు సరిపోతుందేమో గానీ పసిబట్టలకు తగదు. నేను వస్తువుకు ఇంత అని ముందే మాట్లాడుకుంటున్నాను. బజారు రేటుతో పోల్చి బేరమాడేవారికి నిండు బొమ్మ ముక్కనూ, ఖాళీ వదిలిన బొమ్మ ముక్కనూ చేతికిచ్చి నలపమంటాను. చాలామంది రెండో మాట లేకుండా ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు, నిండుగా ఉన్నదే కావాలంటారు.

రంగుల గురించి పిన్నిగారి కూతురికి ఉన్న సందేహం వేరు. లేత రంగులు బిడ్డకు కనబడతాయా అని అడిగింది. అప్పుడే పుట్టిన బిడ్డ చూపు ఇరవై, ముప్పై సెంటీమీటర్ల దూరానికి మించి స్పష్టంగా ఆనదు. లేత ఛాయల కంటే నలుపు తెలుపు తేడానే బాగా పట్టుకుంటుంది. జబ్లా రొమ్ము మీద ఉన్న దూడ బిడ్డకు ఎటూ కనబడదు, అది చూడవచ్చినవాళ్ళ కోసమే. బిడ్డకు కనబడేలా ఉండవలసింది ఉయ్యాల గుడ్డ పక్కభాగం. అందుకే అక్కడ మాత్రం లేత రంగులు మాని, తెల్లగుడ్డ మీద నల్లని బీన్ కుట్టుతో ఉడుత ముఖాలను వరుసగా వేశాను, కళ్ళు మిగతావాటి కంటే పెద్దవిగా.

సెట్టును బారసాలకు ముందు ఇంకోసారి ఉతికి, బొమ్మలను తిరగేసి, కింద టర్కీ తువ్వాలు పరచి వెనకనుంచి ఇస్త్రీ చేసి ఇచ్చాను. కుట్టు మీద నేరుగా ఇస్త్రీపెట్టె నొక్కితే ఉబ్బు అణిగిపోతుంది. వాళ్ళకూ అదే చెప్పాను: లోపలివైపు బయటికి తిప్పి ఉతకాలి, పిండేటప్పుడు బొమ్మ ఉన్నచోట మెలిపెట్టకూడదు, నీడన ఆరేయాలి. నెలలు నిండి జబ్లాలు బిగుతైనాక పిన్నిగారు వాటిని చూపించడానికి తెచ్చారు. దూడ చుట్టుగీత ఎక్కడా సడలలేదు, ఉడుత చారలు మూసుకోలేదు. బొంత మీది ఏనుగు చెవి మాత్రం బిడ్డ అదేపనిగా చప్పరించడం వల్ల అంచున నూగు లేచి, పోగులు చిక్కబడి ఉంది. కుట్టు ఊడలేదు గానీ ఫ్లానెల్ ఆ తడికి ఆగే గుడ్డ కాదని తేలింది. ఇప్పుడు విడిచెవులకు పైన ఫ్లానెల్ మాని బనీను గుడ్డ వేస్తున్నాను, మొదలు దగ్గర ఒక వరుస కుట్టు అదనంగా నడుపుతున్నాను.